లండన్ వీధుల్లో అంతమంది నడిచినా యుద్ధం ఆగలేదు. మరి ప్రెషర్ గ్రూపులు ఎందుకు?

పాలిటీనోట్సు: ప్రభావ వర్గాలు, అంటే గద్దెనెక్కకుండానే ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చే ఈ ప్రెషర్ గ్రూపులు, ప్రజాస్వామ్యానికి ఊపిరి అని గ్రూప్స్‌కి చదివేవాళ్లంతా బట్టీ పడతాం. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ లండన్‌లో జనం పోటెత్తారు. పోలీసుల లెక్కే ఏడున్నర లక్షలు. నెల దాటగానే బాంబులు పడ్డాయి. ఇదేం ఊపిరండీ?

థేమ్స్‌గట్టు: రోడ్డు మీద తలలు కాదు తమ్ముడూ, పార్లమెంటు సభలో చేతులు లెక్కపెట్టు. మార్చి 18న "యుద్ధానికి కారణం ఇంకా రుజువు కాలేదు" అన్న సవరణకు 139 మంది అధికార లేబర్ పార్టీ ఎంపీలు ఓటేశారు. సొంత పార్టీలో అంత తిరుగుబాటు! అయినా ప్రధాని టోనీ బ్లెయిర్ గట్టెక్కాడు, ప్రతిపక్ష కన్జర్వేటివ్‌లు ఆయన వెనకే నిలబడ్డారు కాబట్టి.

2009లో గూర్ఖాల సంగతి చూడు. బ్రిటిష్ సైన్యంలో పనిచేసి రిటైరైన నేపాలీ గూర్ఖా సైనికులను బ్రిటన్‌లో ఉండనివ్వాలని నటి జోఆనా లమ్లీ ముందుండి పోరాడింది. ఏప్రిల్ 29న ఓటింగ్‌లో ఎదురు తిరిగిన లేబర్ ఎంపీలు 27 మందే. కానీ ఈసారి ప్రతిపక్షాలు ఒక్కటయ్యాయి. 267-246తో ప్రభుత్వం ఓడింది, మూడు వారాల్లో దిగొచ్చింది. ఊరేగింపు ఎంత పెద్దదైనా సభలో సందు దొరక్కపోతే గోడకు తలబాదుకున్నట్టే.

లీసెస్టర్‌పెసరట్టు: ఊరేగింపులు సరే, ఊరేగాల్సిన పనే లేనివాళ్ల మాటేంటి? 1997 ఎన్నికలకు ముందు ఫార్ములా వన్ కార్ల పందేల అధిపతి బెర్నీ ఎకిల్‌స్టన్ లేబర్ పార్టీకి పది లక్షల పౌండ్లిచ్చాడు. గెలిచాక ఆ ప్రభుత్వమే పొగాకు ప్రకటనల నిషేధం నుంచి ఫార్ములా వన్‌ను తప్పించబోయింది. గుట్టు బయటపడ్డాక డబ్బు తిరిగిచ్చేశారు. రెండింటికీ సంబంధం లేదని బ్లెయిర్ గారి వివరణ. నమ్మేవాళ్లు నమ్మండి.

పాలిటీనోట్సు: డబ్బే గెలిస్తే స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడి కాల్పుల తర్వాత తుపాకీ క్లబ్బులు గెలవాలిగా అన్నా? 1996లో ఆ బడిలో 16 మంది పిల్లల్నీ టీచరునూ కాల్చి చంపాక, మామూలు తల్లులు ఏడు లక్షల సంతకాలు పోగేశారు. మరుసటేడే చేతి తుపాకుల మీద నిషేధం.

థేమ్స్‌గట్టు: ఒక్కసారిగా కాదు. అప్పటి ప్రధాని జాన్ మేజర్ కన్జర్వేటివ్ ప్రభుత్వం చిన్న .22 తుపాకులను వదిలేసింది. ఎన్నికల్లో బ్లెయిర్ వచ్చాకే వాటినీ కలిపారు.

లీసెస్టర్‌పెసరట్టు: పసిపిల్లలు పోతే తప్ప కదలని వ్యవస్థను విజయం ఖాతాలో వేయలేను.

షెఫీల్డ్‌కొత్తవాడు: ఇదంతా మనకెందుకు అన్నా? నేను స్టూడెంట్ వీసా మీదున్నా, ఓటే లేదు.

థేమ్స్‌గట్టు: ఎవరన్నారు? భారతీయులం కామన్‌వెల్త్ పౌరులం. ఇక్కడ ఉంటూ పేరు నమోదు చేసుకుంటే పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటుంది. బూత్‌లో మన పాస్‌పోర్టు చూపిస్తే చాలు. 2024లో ఇక్కడ పోలింగ్ అరవై శాతం కూడా దాటలేదు తెలుసా.

షెఫీల్డ్‌కొత్తవాడు: నిజమా! ఓటర్ల నమోదు చూసే స్థానిక కౌన్సిల్ నుంచి ఏదో ఉత్తరమొస్తే పన్ను నోటీసేమోనని చింపి పారేశా. మళ్లీ పంపుతారా?