నేను పోయాక నా కుక్కల ఖర్చుకి డబ్బు ఎలా పెట్టాలి? విల్లు సరిపోతుందా, ట్రస్ట్ కావాలా?

తోకల ఇల్లు:
అందరికీ నమస్కారం. మాది సైనిక్‌పురి. రిటైర్డ్ టీచర్‌ని, అరవై ఎనిమిదేళ్లు. మావారు పోయాక ఇంట్లో నేనూ, రెండు కుక్కలూ, ఒక పిల్లీ. కుక్కలు రెండూ వీధిలో దొరికినవే. నల్లోడికి పదకొండేళ్లు, పండుకి ఆరు, పిల్లికి మూడు. నల్లోడికి ఫిట్స్ ఉన్నాయి. పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ మాత్ర పడాల్సిందే, పెరుగన్నంలో కలిపితే అన్నం తినేసి మాత్ర పక్కకి ఉమ్మేస్తాడు, అరటిపండు ముక్కలో పెడితేనే మింగుతాడు.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. "నీకేమైనా అయితే షెల్టర్‌లో ఇచ్చేద్దాంలే అమ్మా" అంటాడు. వాడి మీద కోపం లేదు, వాడి బతుకు వాడిది. కానీ ఫిట్స్ ఉన్న ముసలి కుక్కని వంద కుక్కల మధ్య వదిలేస్తే దానికి మాత్ర ఎవరు వేస్తారు? మా ఇంట్లో పదేళ్లుగా పని చేస్తున్న ఆమె ఉంది, మూడింటికీ ఆమె చెయ్యి అలవాటు. "నేను చూసుకుంటా అమ్మా" అని తనే అంది. కానీ ఆమె ఇల్లు గడవడమే కష్టం, ఊరికే చూడమని ఎలా అడుగుతాను?

నెలకి మూడింటికీ కలిపి పది వేల దాకా అవుతోంది, తిండి, మందులు, టీకాలు అన్నీ కలిపి. 12 లక్షలు వీటి కోసమే పక్కన పెట్టగలను. రతన్ టాటా గారు తన కుక్క టిటో సంగతి విల్లులో రాసి వంటాయనకి అప్పగించారని పేపర్లో చదివాను. నాలాంటి మామూలు మనిషి కూడా అలా రాయొచ్చా? కుక్క పేరు మీద డబ్బు పెట్టొచ్చా?

కోర్టు దారి:
టీచర్ గారూ, నమస్తే. నేను అడ్వొకేట్‌ని, విల్లులు, ఆస్తి పంపకాల కేసులే ఎక్కువ చూస్తాను. ముందు సూటిగా చెప్తాను: మన దేశంలో కుక్క పేరు మీద డబ్బు పెట్టలేరు. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ ప్రకారం ప్రైవేటు ట్రస్ట్‌లో లబ్ధిదారు అంటే ఆస్తి కలిగి ఉండగల వ్యక్తి అయ్యుండాలి. చట్టం దృష్టిలో కుక్కే ఒక ఆస్తి, మీ బీరువా లాగా. ఆస్తికి ఆస్తి రాయడం కుదరదు. కాబట్టి డబ్బు ఎప్పుడూ మనిషికే వెళ్లాలి, ఆ మనిషికి కుక్క బాధ్యత ముడిపెట్టి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, కాస్త ఓపిగ్గా చదవండి. విల్లులో "ఫలానా ఆమెకి 12 లక్షలు ఇస్తున్నాను, ఆమె నా కుక్కల్ని చూసుకోవాలి" అని రాస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ 1925 ఇండియన్ సక్సెషన్ యాక్ట్‌లో 138వ సెక్షన్ ఉంది. ఒకరికి డబ్బు పూర్తిగా ఇచ్చేసి, దాన్ని ఇలా వాడాలి అని పక్కన ఒక సూచన రాస్తే, ఆ సూచన లేనట్టే ఆ డబ్బు వాళ్లు తీసుకోవచ్చు. అంటే మర్నాడే కుక్కల్ని గేటు బయట వదిలేసినా 12 లక్షలూ ఆమెవే అనే వాదనకి దారి ఇచ్చినట్టు. ఆమె మంచి మనిషే, కాదనను. కానీ ఆమె తర్వాత ఆమె కొడుకు, అల్లుడు ఉంటారు కదా.

కాబట్టి ఇలా రాయించండి. 12 లక్షలూ ఆమెకి ఇవ్వకండి. మీకు నమ్మకమైన ఇంకొకరిని ట్రస్టీగా పెట్టి, డబ్బు వాళ్ల చేతిలో ఉంచి, "ఈ జంతువులు ఆమె దగ్గర, ఆమె సంరక్షణలో ఉన్నంత కాలం నెలకి ఇంత చొప్పున ఆమెకి ఇవ్వాలి, చూడడం మానేస్తే ఆమెకి ఆపేసి, వాటిని తీసుకున్న మరొకరికి ఇవ్వాలి" అని రాయాలి. అప్పుడు లబ్ధిదారు మనిషే కాబట్టి చట్టానికి అడ్డు లేదు, డబ్బు కుక్క వెంటే నడుస్తుంది. దీనికి వేరే ట్రస్ట్ ఆఫీసు తెరవక్కర్లేదు, విల్లులోనే ఈ ఏర్పాటు రాయొచ్చు. విల్లు సరిపోతుందా ట్రస్టా అని అడిగారు కదా, విల్లు లోపలే ట్రస్ట్ అన్నమాట.

లెక్క కూడా చెప్తాను. 12 లక్షలకి 7 శాతం వడ్డీ అనుకుంటే నెలకి 7 వేలే వస్తాయి, మీ ఖర్చు పది వేలు. వడ్డీ మాత్రమే వాడాలని రాస్తే మొదటి నెల నుంచే లోటు. అవసరమైతే అసలు కూడా తీయొచ్చు అని రాయండి. అలా నెలకి పది వేలు తీసినా దాదాపు 17 ఏళ్లు వస్తుంది. ధరలు పెరుగుతాయి, పన్ను ఉంటుంది, నిజమే, కానీ నల్లోడి మందుల ఖర్చు అన్నాళ్లూ ఉండదు. మీ పిల్లి ఒక్కటే దీర్ఘకాలం ఉంటుంది.

పేర్లు రాసినా, దాంతో పాటు "నేను చనిపోయే నాటికి నా ఇంట్లో ఉన్న పెంపుడు జంతువులన్నీ" అనే మాట తప్పకుండా వేయించండి. మీలాంటి వాళ్ల ఇంటికి రేపు ఇంకో కుక్కపిల్ల రాదని ఎవరూ చెప్పలేరు.

ప్లేనో నుంచి:
టీచర్ గారూ, మీ అబ్బాయి ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటారు కాబట్టి ఈ వైపు సంగతి చెప్తాను. మేము టెక్సస్‌లో ఉంటాం, మాకు రెండు లాబ్రడార్లు. ఇక్కడ పెట్ ట్రస్ట్ అనేది చట్టంలోనే ఉంది, బతికి ఉన్న జంతువు సంరక్షణ కోసం నేరుగా ట్రస్ట్ పెట్టొచ్చు, ఆ చివరి జంతువు పోయిన రోజుతో ట్రస్ట్ ముగుస్తుంది. కుక్క కోర్టుకి వెళ్లలేదు కాబట్టి దాని తరఫున అడిగే మనిషిని మనమే ట్రస్ట్‌లో పెట్టుకుంటాం, పెట్టకపోతే కోర్టు పెడుతుంది. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టం ఉంది, ఆఖరున మినెసోటా 2016లో తెచ్చింది.

అలా అని ఎంతైనా పెట్టేయొచ్చు అనుకోకండి. న్యూయార్క్‌లో లియోనా హెల్మ్‌స్లీ అనే హోటళ్ల ఆవిడ 2007లో పోతూ తన మాల్టీస్ కుక్కకి 1.2 కోట్ల డాలర్లు పెట్టింది, మనవల్లో ఇద్దరికి ఏమీ లేదు. వాళ్లు కోర్టుకెళ్లారు, కుక్కకి అంత అక్కర్లేదని జడ్జి 20 లక్షల డాలర్లకి తగ్గించారు. అవసరానికి తగినంత పెట్టి, ఆ అంకె ఎలా వచ్చిందో రాసి పెడితే గొడవ తక్కువ. మేము వెటర్నరీ బిల్లుల కాపీలు ట్రస్ట్ కాయితాల వెనకే పెట్టాం.

మీ అబ్బాయి వాటిని ఇక్కడికి తెచ్చుకుంటానంటే అది వేరే కష్టం. 2024 ఆగస్టు నుంచి కుక్కలకి రూల్స్ గట్టివయ్యాయి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది, మైక్రోచిప్ ఉండాలి, టీకా ఇండియాలో వేయించినదైతే ముందే రక్తపరీక్ష చేయించి రిపోర్ట్ తేవాలి లేదా ఇక్కడ 28 రోజులు క్వారంటైన్‌లో పెట్టాలి, దిగడానికి కూడా కొన్ని ఎయిర్‌పోర్టులే. ఫిట్స్ ఉన్న పదకొండేళ్ల కుక్కని అంత దూరం విమానంలో తేవద్దనే నేను చెప్తాను. వాడిని హైదరాబాద్‌లోనే, తెలిసిన చేతుల్లోనే ఉండనివ్వండి.

చెప్పుల స్టాండు:
నేను ఒక పెట్ క్లినిక్‌లో కాంపౌండర్‌ని, సెలవు రోజుల్లో రెస్క్యూ వాళ్లతో తిరుగుతాను. చట్టం పెద్దలు చెప్పారు. నేను కళ్లారా చూసేది చెప్తా అమ్మా, కొంచెం కఠినంగా ఉంటే ఏమనుకోవద్దు.

విల్లు బయటికొచ్చి డబ్బు చేతికందేసరికి నెలలు పడుతుంది. కుక్కకి ఆకలి ఆ సాయంత్రమే వేస్తుంది. పెద్దాయన హాస్పిటల్లో చేరితే ఇంటికి తాళం వేసేస్తారు, లోపల కుక్క ఉందని ఎవరికీ గుర్తుండదు, మూడో రోజు పక్కింటివాళ్లు అరుపులు విని మాకు ఫోన్ చేస్తారు. ఇలాంటి ఫోన్లు మాకు కొత్త కాదు. అందుకే మొదటి నెల గురించి ముందు ఆలోచించండి. ఇంటి తాళంచెవి ఒకటి మీ ఇంట్లో పని చేసే ఆమె దగ్గర ఉండాలి. ఆమెతో కలిపి ఒక జాయింట్ అకౌంట్ తీసి, ఐదర్ ఆర్ సర్వైవర్ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు డబ్బు తీసుకునేలా) పెట్టి, రెండు మూడు నెలల ఖర్చు మాత్రం అందులో ఉంచండి. మీ పర్సులో ఒక చీటీ పెట్టుకోండి, "మా ఇంట్లో మూడు జంతువులు ఉన్నాయి, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని. హాస్పిటల్ వాళ్లు ముందు పర్సే చూస్తారు.

రెండో సంగతి, డబ్బు పట్టుకునే మనిషి, కుక్కని పట్టుకునే మనిషి ఒకరే కాకూడదు. అడ్వొకేట్ గారు చెప్పిందే, కారణం నేను చెప్తా. కుక్క పోయాక మిగిలిన డబ్బు చూసుకునే ఆమెకే అని రాశారనుకోండి, కుక్క త్వరగా పోతే ఆమెకి లాభం. కుక్క ఉన్నంత కాలం నెల డబ్బులు అని మాత్రమే రాశారనుకోండి, కుక్క పోయిన సంగతి దాచిపెట్టి అలాంటిదే ఇంకో నల్ల కుక్కని చూపించేవాళ్లూ ఉంటారు. మీ మనిషి అలా చేస్తుందని అనట్లేదు, ఆ ఆశ ఆమె ముందు పెట్టడమే తప్పు అంటున్నా. మూడింటికీ మైక్రోచిప్ వేయించండి, చిన్న సూది పనే. ఆర్నెల్లకోసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, చిప్ నంబరు, బరువు రాయించిన చీటీ ట్రస్టీకి ఇవ్వాలి అని రాయండి. మిగిలిన డబ్బు ఆమెకీ, ట్రస్టీకీ కాకుండా మీకు నచ్చిన జంతు సంస్థకి పోయేలా పెట్టండి. ఆమెకి ఏమైనా ఇవ్వాలని ఉంటే, పదేళ్లు పని చేసినందుకు వేరేగా, ఈ డబ్బుతో ముడి లేకుండా ఇవ్వండి. ఆ పని మాత్రం తప్పకుండా చేయండి అమ్మా.

అరటిపండు సంగతి విల్లులో రాయొద్దు. వేరే నోట్‌బుక్‌లో రాయండి: ఏ మాత్ర, ఎంత, ఏ టైముకి, ఫిట్ వస్తే ఏం చేయాలి, ఎన్ని నిమిషాలు దాటితే క్లినిక్‌కి పరుగెత్తాలి, పండు టపాసులకి ఎక్కడ దాక్కుంటుంది. మందు మారినప్పుడల్లా ఆ పేజీ మార్చుకోవచ్చు, విల్లు ముట్టుకోనక్కర్లేదు.

బూడిద చిలుక:
మధ్యలో వస్తున్నా, సారీ. నా దగ్గర ఆఫ్రికన్ గ్రే చిలుక ఉంది, అది నలభై యాభై ఏళ్లు బతుకుతుంది, నాకిప్పుడు యాభై రెండు. నాకూ ఇదే టెన్షన్. నా తర్వాత మా అన్న కూతురు తీసుకుంటానంటోంది. విల్లులో రాస్తే చాలా?

కోర్టు దారి:
మీకు విల్లుతో పాటు ఇంకో పని ఉంది. ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ జాతుల్ని 2024 రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి, చేతులు మారినా అక్కడ తెలియజేయాలి. మీ రిజిస్ట్రేషన్ కాయితం విల్లుతో కలిపి పెట్టండి, లేకపోతే పాపం ఆ అమ్మాయి ఇబ్బంది పడుతుంది. యాభై ఏళ్ల మాట కాబట్టి ఆమె తర్వాత ఎవరో కూడా రాయండి. ఇది చదివే వాళ్లు ఎవరి ఇంట్లోనైనా మన రామచిలుక ఉంటే, దాన్ని పెంచడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, దానికి విల్లు ఆలోచన కూడా వద్దు.

తోకల ఇల్లు:
అందరికీ చాలా థాంక్స్ బాబూ. కాంపౌండర్ గారి మాటలు చదివి కాసేపు మాట రాలేదు, కానీ అవే నాకు కావాల్సింది. రాత్రి మా అబ్బాయితో మాట్లాడాను. 138 సెక్షన్ సంగతి చెప్పాక వాడే "అయితే డబ్బు సంగతి నేను చూస్తానమ్మా, నెలనెలా ఆవిడకి పంపిస్తా" అన్నాడు. షెల్టర్ మాట మళ్లీ ఎత్తలేదు. మిగిలినది సంస్థకే అని కూడా ఒప్పుకున్నాడు. వాడు అక్కడ ఉండి ట్రస్టీగా చేయొచ్చా? నాకిప్పుడు ఇంకో రెండు అనుమానాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరా? మా కుక్కల డాక్టర్ గారిని సాక్షిగా పెట్టుకోవచ్చా?

కోర్టు దారి:
అబ్బాయి చేయొచ్చు, కానీ దూరంలో ఉన్నాడు కాబట్టి ఇక్కడ ఉండే ఒకరిని కూడా కలిపి పెట్టండి, కుక్కని కళ్లతో చూసే మనిషి ఒకరు ట్రస్టీల్లో ఉండాలి. మీతో పని చేసిన టీచర్ ఎవరైనా, మీకంటే వయసులో చిన్నవాళ్లయితే మంచిది. ఇద్దరూ కాదంటే ఎవరు అనేది కూడా రాయాలి.

విల్లుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ కూడా లేదు. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి, రేపు ఎవరైనా ఇది ఆవిడ సంతకం కాదంటే పనికొస్తుంది. మీ వయసుకి, మానసికంగా ఆరోగ్యంగా ఉన్నారని మీ డాక్టర్ దగ్గర, అంటే మీకు చూసే డాక్టర్ దగ్గర, అదే రోజు తేదీతో ఒక సర్టిఫికెట్ తీసుకోండి. సాక్షులు ఇద్దరు కావాలి, మీరు సంతకం పెట్టడం వాళ్లు చూడాలి. కుక్కల డాక్టర్ గారు నిక్షేపంగా ఉండొచ్చు. డబ్బు అందుకునే ఆమెని, ట్రస్టీల్ని మాత్రం సాక్షులుగా పెట్టకండి. రాయించే ముందు డ్రాఫ్ట్ ఆమెకి ఒకసారి తెలుగులో చదివి వినిపించండి, నెలకి ఎంత, ఎప్పుడు ఆగుతుంది, డాక్టర్ చీటీ ఎందుకు, అన్నీ. ఒప్పుకుంటేనే ఆమె పేరు వేయండి.