90 వోల్టుల బ్యాటరీ వాల్వు రేడియో: ఆన్ చేసే ముందు ఏం చూడాలి?

ప్రశ్న (కావలి)
అన్నలూ, నాలుగు వాల్వుల పోర్టబుల్ ఒకటి బాగుచేయాలి. డీకే96, డీఎఫ్96, డీఏఎఫ్96, డీఎల్96, అన్నీ ఉన్నాయి. సముద్రపు గాలికి సాకెట్లు పచ్చబారాయి. 90 వోల్టుల బ్యాటరీ ఇప్పుడు దొరకదు గదా, బదులు ఏం పెట్టాలి? ఆన్ చేసే ముందు ఏమేం చూడాలి?

జవాబు (ఒంగోలు)
ముందు ఫిలమెంట్లు (వాల్వు లోపల వేడెక్కే సన్న తీగలు) చూసుకో తమ్ముడూ. 1.4 వోల్టుల దగ్గర ఒక్కోటి 25 మిల్లీయాంపులే, డీఎల్96 ఒక్కటే 50. ముల్లు మీటరును ఓమ్స్ ×1 రేంజిలో పెట్టి చూడొద్దు. ఆ రేంజిలో కొన్ని మీటర్లు 100 మిల్లీయాంపులకు పైనే పంపుతాయి, పరీక్షలోనే వాల్వు పోద్ది. డిజిటల్ మీటరుతో 1, 7 పిన్నుల మధ్య చూడు. సాకెట్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. వాల్వును పక్కలకి ఊపి పీకొద్దు, పిన్ను మొదట్లో గాజు చిట్లితే గాలి చేరుద్ది.

90 వోల్టులకి 9 వోల్టుల బ్యాటరీలు పది సిరీస్‌లో కలుపు. సెట్టు లాగేది 10 మిల్లీయాంపుల చుట్టుపక్కలే. ఫిలమెంట్లకి పెద్ద టార్చి సెల్లు ఒక్కటి చాలు. తొలిసారి 90 లైనులో 1 కిలోఓమ్ రెసిస్టరు పెట్టు. వైరు జారి ఫిలమెంటు లైనుకి తగిలినా 90 మిల్లీయాంపులు దాటదు, నాలుగు వాల్వులూ సాకెట్లలో ఉంటే 125 దాకా తట్టుకుంటాయి. కండెన్సర్లో నిలవున్న ఛార్జిని మాత్రం ఇది ఆపదు. 10 కిలోఓమ్‌తో డిశ్చార్జి చేశాకే వాల్వు ముట్టుకో.

జవాబు (నెల్లూరు)
పై మాటలన్నీ సరే. అసలు దొంగ డీఏఎఫ్96 ప్లేటు (వాల్వులో కరెంటు చేరే పలక) నుంచి డీఎల్96 గ్రిడ్డుకి (కరెంటును అదుపుచేసే జాలీకి) పోయే మైనం కాగితపు కండెన్సరండి. మన తేమకి అది లీకవకుండా ఉండటం అరుదు. గ్రిడ్డు వైపు కాలు విప్పి, సెట్టు ఆన్‌లో ఉండగా ఆ కాలికీ ఛాసిస్‌కీ (సెట్టు లోపలి రేకు చట్రానికీ) మధ్య వోల్టులు చూడండి. సున్నా ఉండాలి. లెక్క వేస్తే 40 మెగోమ్‌ల లీకు కూడా ఎక్కువే: ప్లేటు మీద 40 వోల్టులు, గ్రిడ్డు రెసిస్టరు 2.2 మెగోమ్ అయితే గ్రిడ్డు 2 వోల్టులు పైకి లేస్తుంది. మైనస్ 5 ఉండాల్సిన చోట మైనస్ 3. గొంతు బొంగురుపోతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. 0.01 మైక్రోఫారడ్, 400 వోల్టుల పాలియెస్టర్ వేసేయండి, కొలిచి బాగుందనిపించినా సరే. 90 వోల్టుల లైను ఎలక్ట్రోలైటిక్ కూడా మార్చండి (160 వోల్టుల రకం). అది ఎండిపోయి, బ్యాటరీలు కూడా పాతబడితే సెట్టు టకటకలాడుతుంది.

ప్రశ్న (కావలి)
రెండూ మార్చా. గొంతు తేటగా ఉంది. అయితే కొంతసేపటికి చెన్నై స్టేషన్ (720 కిలోహెర్ట్జ్) మాయమైపోతా ఉంది. కడప 900 మాత్రం వస్తానే ఉంది. ఫిలమెంట్లకి రీఛార్జబుల్ సెల్లు పెట్టా. ఐ.ఎఫ్. కోర్లు (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ కాయిళ్లలో ట్యూనింగుకి తిప్పే ముక్కలు) తిప్పమంటారా?

జవాబు (ఒంగోలు)
కోర్లు ముట్టుకోవద్దు! అవి తప్పితే స్టేషన్లన్నీ మందగిస్తాయి, డయల్లో ఒక్క కొస మాయం కాదు. ఇది డీకే96లో ఆసిలేటర్ (స్టేషన్ పట్టడానికి సెట్టు లోపలే సిగ్నల్ పుట్టించే భాగం) ఆగిపోవడం. ఫిలమెంటు వోల్టేజి తగ్గితే ముందు కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఆగుద్ది. రీఛార్జబుల్ సెల్లు ఇచ్చేదే 1.2, స్విచ్చి మట్టిపడితే ఇంకో 0.1 పోద్ది. సెట్టు పలుకుతుండగా డీకే96 పిన్నుల దగ్గరే కొలువు. అక్కడ 1.3 కన్నా తక్కువుంటే స్విచ్చి కడిగి, కొత్త ఆల్కలైన్ సెల్లు వేసి చూడు. అప్పటికీ 720 రాకపోతే వేరే డీకే96 పెట్టాల్సిందే.