నిర్వచనాలు వస్తున్నాయి, "ఎందుకు?" అంటే ఆగిపోతున్నాను: జావా, వెబ్ ఇంటర్వ్యూలకు ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది బీటెక్ పూర్తయింది. అమీర్‌పేటలో జావా ఫుల్‌స్టాక్ కోర్సు కూడా ముగించాను. ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ నిర్వచనాలను తడుముకోకుండా చెప్పగలను. ఇటీవల మాదాపూర్‌లో ఒక ఇంటర్వ్యూలో నిర్వచనాలన్నీ విన్న తరువాత, "ఈక్వల్స్ మెథడ్ రాసి హ్యాష్‌కోడ్ రాయకపోతే ఏమవుతుంది?" అని అడిగారు. రెండూ రాయాలని చెప్పాను కానీ, ఎందుకు రాయాలన్నదానికి నా దగ్గర జవాబు లేకపోయింది. స్ప్రింగ్ బూట్, రియాక్ట్‌లతో చేసిన ప్రాజెక్టు గురించి అడిగినప్పుడూ ఇదే పరిస్థితి. వచ్చే నెలలో గచ్చిబౌలిలో మరో ఇంటర్వ్యూ ఉంది. నోట్సే మళ్లీ తిరగేయాలా, వేరే పద్ధతి ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (నల్లగండ్ల నుంచి)

ఫ్రెషర్ల ఇంటర్వ్యూ ప్యానెళ్లలో తరచుగా కూర్చుంటాను కనుక చెబుతున్నాను. నోట్సు మళ్లీ తిరగేయడం వల్ల మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. మొదటి ప్రశ్న మాట కలపడానికి వేసేదే, అభ్యర్థిని అంచనా వేసేది రెండో ప్రశ్నతోనే.

మిమ్మల్ని అడిగినదాన్నే తీసుకుందాం. ఖాతా అనే క్లాసులో, ఖాతా నంబరు ఒకటే అయితే రెండు ఆబ్జెక్టులూ సమానమని ఈక్వల్స్‌ను ఓవర్‌రైడ్ చేసి, హ్యాష్‌కోడ్‌ను వదిలేశారనుకోండి. 101 నంబరుతో రెండు ఆబ్జెక్టులు సృష్టించి, రెండింటినీ ఒక హ్యాష్‌సెట్‌లో (సమానమైన ఆబ్జెక్టులను ఒక్కసారే ఉంచుకునే సంచయంలో) వేసి, సైజు ప్రింట్ చేయండి. 1 వస్తుందని అనుకుంటారు, 2 వస్తుంది. హ్యాష్‌సెట్ మొదట హ్యాష్‌కోడ్‌ను (ఆబ్జెక్టుకు ఆ మెథడ్ ఇచ్చే పూర్ణసంఖ్యను) బట్టి ఏ బకెట్‌లో, అంటే ఏ అరలో, వెతకాలో తేల్చుకుంటుంది. కోడ్ కలిసిన ఆబ్జెక్టు అక్కడ కనిపిస్తేనే ఈక్వల్స్‌ను పిలుస్తుంది. మీరు రాయలేదు కాబట్టి ఆబ్జెక్ట్ క్లాసులోని హ్యాష్‌కోడే పనిచేస్తుంది, అది వేర్వేరు ఆబ్జెక్టులకు మామూలుగా వేర్వేరు విలువలు ఇస్తుంది. అంటే మీరు శ్రద్ధగా రాసిన ఈక్వల్స్‌ను పిలిచినవారే లేరు.

ఇంత చెప్పగలిగితే మూడో ప్రశ్న వస్తుంది, దానికి కూడా ఇప్పుడే సిద్ధపడండి. ఈసారి హ్యాష్‌కోడ్‌ను కూడా ఖాతా నంబరు ఆధారంగా సరిగానే రాశారు, ఆబ్జెక్టును సెట్‌లో వేశాక దాని నంబరును 101 నుంచి 205కు మార్చారు. ఇప్పుడు అదే ఆబ్జెక్టు సెట్‌లో ఉందా అని కంటెయిన్స్‌తో అడిగితే, లేదనే జవాబు వస్తుంది. ఆబ్జెక్టు పాత కోడ్ ప్రకారం పెట్టిన చోటే ఉంది, వెతుకులాట మాత్రం కొత్త కోడ్ ప్రకారం సాగుతోంది. అందువల్లనే సమానత్వాన్ని నిర్ణయించే ఫీల్డును ఫైనల్‌గా ఉంచడం మంచిదని, సెట్టర్ పెట్టకూడదని అంటారు. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఫీల్డులను ప్రైవేట్ చేసి, ప్రతిదానికీ గెట్టర్, సెట్టర్ రాయడమని కోచింగ్‌లలో అలవాటు చేస్తున్నారు. నన్నడిగితే, ఏ సెట్టర్ ఎందుకు రాయలేదో చెప్పగలిగినవారికే ఆ భావన అందినట్టు.

పాలిమార్ఫిజాన్ని కూడా ఇలాగే పరీక్షించుకోండి. పేరెంట్ టైపు వేరియబుల్‌లో చైల్డ్ ఆబ్జెక్టును ఉంచి, ఓవర్‌రైడ్ చేసిన మెథడ్‌ను పిలిస్తే చైల్డ్‌లోనిది నడుస్తుందని అందరూ చెబుతారు. అదే పేరుతో రెండు క్లాసుల్లోనూ ఫీల్డు ఉంటే మాత్రం, ఆ వేరియబుల్ ద్వారా అందేది పేరెంట్ ఫీల్డే, స్టాటిక్ మెథడ్ సంగతీ అంతే. ఓవర్‌లోడ్ చేసిన మెథడ్‌లలో ఏది నడవాలో వేరియబుల్‌ను ప్రకటించిన టైపును బట్టి కంపైలర్ ముందే తేల్చేస్తుంది. ఈ చిన్న ప్రోగ్రాములను రాసి, రన్ చేయడానికి ముందే అవుట్‌పుట్ ఏమి వస్తుందో కాగితం మీద రాసుకోండి. మీరు రాసుకున్నదీ తెర మీద వచ్చిందీ వేరైన చోటే మీ చదువు మొదలవుతుంది.

ఇన్‌హెరిటెన్స్ గురించి ఒక్క మాట. ఎప్పుడు వాడకూడదని అడిగితే, జావా లైబ్రరీలోనే ఉదాహరణ ఉంది. స్టాక్ క్లాసు వెక్టర్ క్లాసు నుంచి వారసత్వం పొందింది. దాంతో పైనుంచి మాత్రమే తీయాల్సిన స్టాక్ మధ్యలోకి కూడా విలువలను చొప్పించడం సాధ్యమైంది. కొత్త కోడ్‌లో దాని బదులు అర్రేడెక్ వాడమని జావా డాక్యుమెంటేషనే సూచిస్తోంది.

అభ్యంతరం (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

పై జవాబుతో నాకు పూర్తి ఏకీభావం లేదు. పెద్ద సంఖ్యలో ఫ్రెషర్లను తీసుకునే సర్వీస్ కంపెనీలలో ముందు ఆప్టిట్యూడ్ పరీక్ష, తరువాత తేలికపాటి కోడింగ్ ఉంటాయి. అక్కడ బకెట్ల దాకా ఎవరూ వెళ్లరు. స్ట్రింగ్ తిరగరాయడం, అర్రేలో డూప్లికేట్లు తీయడం, ఎస్‌క్యూఎల్‌లో జాయిన్ రాయడం చకచకా వస్తే చాలు. లోతుకు పోయి వేగం పోగొట్టుకోవద్దు.

జవాబు (నల్లగండ్ల నుంచి)

మీ మాట ఆ కంపెనీల మొదటి దశ వరకు నిజమే. ప్రశ్న అడిగినవారు ఆ దశ దాటి, ముఖాముఖిలో ఆగారు కాబట్టి నేను అలా రాశాను. ఎస్‌క్యూఎల్ జాయిన్ల విషయంలో మాత్రం మీరు చెప్పింది అక్షరాలా పాటించదగ్గది.

జవాబు (మియాపూర్ నుంచి)

వెబ్ భాగం గురించి నేను రాస్తాను. మీ ప్రాజెక్టులో రియాక్ట్ 3000 పోర్టు మీద, స్ప్రింగ్ బూట్ 8080 మీద నడుస్తున్నాయనుకుంటాను. మొదట్లో బ్రౌజర్‌లో కార్స్ ఎర్రర్ (వేరే చిరునామాలోని సర్వర్ జవాబును బ్రౌజర్ ఆపేయడం) వచ్చి ఉంటుంది, మీరు కంట్రోలర్ మీద ఒక యానొటేషన్ పెట్టి దాన్ని వదిలించుకుని ఉంటారు. "పోస్ట్‌మ్యాన్‌లో (రిక్వెస్టులు పంపి పరీక్షించే సాధనంలో) పనిచేసిన అదే రిక్వెస్టు బ్రౌజర్‌లో ఎందుకు ఆగింది?" అన్నది ప్యానెల్‌లో తప్పక అడగదగిన ప్రశ్న.

స్కీమ్, హోస్ట్, పోర్టు మూడూ ఒకటైతేనే ఒకే ఆరిజిన్ అవుతుంది. పోర్టు మారింది కాబట్టి మీవి రెండు ఆరిజిన్‌లు. అడ్డుకున్నది సర్వర్ కాదు, బ్రౌజర్. పోస్ట్‌మ్యాన్‌కు ఆ నియమం వర్తించదు. ఇంకొంచెం లోపలికి వెళితే, సాధారణ గెట్ రిక్వెస్టు సర్వర్‌కు చేరుతుంది, అక్కడి కోడ్ నడుస్తుంది కూడా. కానీ అనుమతి తెలిపే హెడర్ లేకపోతే, వచ్చిన జవాబును బ్రౌజర్ మీ జావాస్క్రిప్ట్‌కు అందనివ్వదు. జేసన్ బాడీతో పోస్ట్ పంపితే మాత్రం ముందుగా ఆప్షన్స్ అనే ప్రీఫ్లైట్ రిక్వెస్టు (ముందస్తు అనుమతి అడిగేది) వెళుతుంది. దానికి సరైన జవాబు రాకపోతే అసలు పోస్ట్ బయలుదేరదు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఆ యానొటేషన్‌ను తీసేసి, ఈ రెండింటినీ మీ కళ్లతో చూడండి.

అదే ట్యాబ్‌లో సర్వర్ పంపే స్టేటస్ కోడ్‌లలో 401కు, 403కు తేడా చూడవచ్చు. మీరెవరో నిరూపించుకోలేదంటే 401, మీరెవరో తెలిసినా ఈ పనికి అనుమతి లేదంటే 403. చెల్లింపు బటన్‌ను వినియోగదారుడు రెండుసార్లు నొక్కితే ఏమవుతుందన్నదీ ఆలోచించి పెట్టుకోండి. ఒకే పుట్ రిక్వెస్టును (ఉన్న విలువ స్థానంలో కొత్తది పెట్టమనేదాన్ని) ఎన్నిసార్లు పంపినా సర్వర్‌లో మిగిలే స్థితి ఒకటే కావాలి. పోస్ట్‌కు ఆ హామీ లేదు. కాబట్టి ప్రతి చెల్లింపు ప్రయత్నానికీ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య జతచేసి, అదే సంఖ్య మళ్లీ వస్తే సర్వర్ కొత్తగా చెల్లింపు జరపకుండా చూడాలి. బటన్‌ను డిసేబుల్ చేస్తే సరిపోతుందని చెప్పవద్దు, ఎందుకంటే నెట్‌వర్క్ తెగి రిక్వెస్టు మళ్లీ వెళ్లే సందర్భంలో బటన్ ప్రమేయమే ఉండదు.

మళ్లీ అడుగుతున్నాను (కూకట్‌పల్లి నుంచి)

ఇద్దరికీ ధన్యవాదాలండీ. హ్యాష్‌సెట్ ప్రోగ్రాము రాసి చూశాను, మీరు చెప్పినట్టే వచ్చింది. మరో రెండు సందేహాలు. ఫలానా వ్యవస్థకు క్లాసులు గీయమని బోర్డు దగ్గర నిలబెడితే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకొకటి, రెజ్యూమేలో రెండేళ్ల అనుభవం చూపించమని కొందరు సలహా ఇస్తున్నారు, అది సబబేనా?

జవాబు (నల్లగండ్ల నుంచి)

రెండోదానికి ముందు చెబుతాను: చేయవద్దు. ఉద్యోగంలో చేరాక జరిగే వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు చూస్తారు, అందులో లేని ఉద్యోగం ఇట్టే బయటపడుతుంది. అంతకంటే ముందే, రెండేళ్ల అనుభవం ఉన్నవారిని అడిగే ప్రశ్నలు మీ మీద పడతాయి.

బోర్డు సంగతికి వస్తే, వెంటనే క్లాసుల పేర్లు రాయకుండా ముందు ప్రశ్నలు అడగండి. మన హైదరాబాద్ మెట్రోకు టికెట్ వ్యవస్థ రూపొందించమన్నారనుకుందాం. చాలామంది స్టేషన్ అనే క్లాసులో లైన్ అనే ఒక ఫీల్డు పెట్టేస్తారు. నాగోల్‌కూ మియాపూర్‌కూ అది సరిపోతుంది కానీ, అమీర్‌పేట దగ్గర కూలిపోతుంది, ఎందుకంటే ఆ స్టేషన్ రెడ్ లైన్‌లోనూ ఉంది, బ్లూ లైన్‌లోనూ ఉంది. ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్ కూడా రెండేసి లైన్లలో ఉన్నాయి. ఒక స్టేషన్‌కు అనేక లైన్లు, ఒక లైన్‌కు అనేక స్టేషన్లు అనే సంబంధాన్ని మీరే ముందుగా గుర్తించి చెబితే, ప్యానెల్‌కు మీ ఆలోచనా తీరు తెలిసిపోతుంది.

తరువాతి ఉచ్చు టికెట్ దగ్గర ఉంటుంది. స్మార్ట్ కార్డు టికెట్, క్యూఆర్ టికెట్ అని సబ్‌క్లాసులు రాయడం మొదలుపెడితే, కార్డు మీద తగ్గింపు, సెలవు రోజు తగ్గింపు అంటూ నిబంధనలు వచ్చేకొద్దీ ఒక్కో కలయికకూ ఒక్కో సబ్‌క్లాసు పుట్టుకొస్తుంది. ఛార్జీ లెక్కించే నియమాన్ని వేరే ఇంటర్‌ఫేస్‌గా తీసి, టికెట్ దాన్ని వాడుకునేలా రాయండి. అప్పుడు నియమం మారినా టికెట్ క్లాసును తాకనవసరం లేదు. ఇన్‌హెరిటెన్స్ కంటే కంపొజిషన్ (ఒక క్లాసు మరోదాన్ని తనలో ఉంచుకుని వాడుకోవడం) మేలని నోట్సులో ఒక వాక్యంగా చదివినది ఇదే.

ఇంగ్లీషు ధారాళంగా రాదన్న బెంగ ఉంటే, బోర్డు మీద బాణం గీస్తూ, ఆ బాణం దేన్ని సూచిస్తుందో చిన్న వాక్యాలలో చెప్పుకుంటూ వెళ్లండి. నేను చూసిన ప్యానెళ్లలో వ్యాకరణానికి మార్కులు తగ్గించినవారు లేరు. ఇంటర్వ్యూకు వెళ్లేముందు మీ ప్రాజెక్టును గిట్‌హబ్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి దింపుకుని నడిపి చూడండి, డేటాబేస్ పాస్‌వర్డు కోడ్‌లోనే రాసి ఉంటే తీసేసి, ఆ పాస్‌వర్డునూ మార్చండి. ఫైలు నుంచి తొలగించినా అది పాత కమిట్లలో (గిట్‌హబ్‌లో భద్రమైన పాత మార్పుల్లో) అలాగే కనిపిస్తూ ఉంటుంది.