అప్‌డేట్: గిటారా, పియానోనా అని అడిగింది నేనే

ముప్పై దాటాక మొదలుపెడితే గిటార్ సులువా, పియానో సులువా అని మూడు నెలల కిందట అడిగాను. ఎక్కువమంది కీబోర్డే అన్నారు. వినలేదు, గిటార్ కొన్నాను. కీబోర్డు మా అమ్మాయికి కొనిచ్చాను, 61 కీలది.

మీరు చెప్పిందే నిజమైంది. ఆమె మొదటిరోజే కీ నొక్కింది, స్వరం శుభ్రంగా పలికింది. నాకేమో మూడు వారాలు ఎడమచేతి వేళ్లు మంటే మంట. స్టీలు తీగలు మరి! (అన్నం కలుపుకునేది కుడిచేత్తో కాబట్టి బతికిపోయాను.) ఇప్పుడు వేళ్ల కొసలు కాయలు కాశాయి, నొప్పి లేదు.

ఇంకో తికమక ఉంది. పియానోలో ఒక స్వరానికి ఒకటే కీ. గిటార్‌లో మొదటి తీగను ఊరికే మీటితే పలికే స్వరమే రెండో తీగ అయిదో ఫ్రెట్‌లోనూ (గిటార్ మెడమీద అడ్డ పట్టీల మధ్య ఉండే గడే ఫ్రెట్), మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్‌లోనూ దొరుకుతుంది. ఎక్కడ పట్టాలో తేల్చుకునేలోపు పాట వెళ్లిపోతుంది.

అయితే రెండో నెలకు కథ తిరగబడింది. కుడిచేయి పాట, ఎడమచేయి కార్డులు (ఒకేసారి పలికించే కొన్ని స్వరాల గుంపులు) కలిపి వాయించాల్సి వచ్చేసరికి అమ్మాయి ఆగిపోయింది. నేను జి, సి, డి, ఈ-మైనర్ అనే నాలుగు కార్డులతో పాటలు లాగించేస్తున్నా. పైగా మా కర్నూలులో కరెంటు పోతే ఆ కీబోర్డు మూగదే.

ఎఫ్ కార్డు మాత్రం లొంగడం లేదు. చూపుడువేలితో ఆరు తీగలూ అదిమితే రెండు పలకవు. దీనికేమైనా చిట్కా ఉంటే చెప్పండి.