బెడ్‌సైడ్ డి-డైమర్: రక్తహీనత ఉన్నవాళ్లకే రీడింగ్ ఎక్కువ వస్తోంది

విశాఖలో ఎమర్జెన్సీ విభాగం మాది. కాలి సిరలో గడ్డ అనుమానంతో వచ్చి, వెల్స్ స్కోరు (గడ్డ ఉండే అవకాశాన్ని అంచనా వేసే లెక్క) 1 దాటని వాళ్లకు పడక దగ్గరే డి-డైమర్ (గడ్డ కరిగేటప్పుడు రక్తంలో చేరే ప్రోటీన్ ముక్క) చూస్తున్నాం. సిట్రేట్ ట్యూబులోని రక్తాన్ని ప్లాస్మా తీయకుండా నేరుగా వేస్తాం. కటాఫ్ మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు, ఎఫ్‌ఈయూలో (ఫైబ్రినోజెన్‌తో సమానం చేసి లెక్కించే యూనిట్). అంతకన్నా తక్కువ వస్తే గడ్డ లేదనే అనుకుంటాం.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 40 దగ్గర ఉంటే ల్యాబ్‌తో తేడా 10 శాతం లోపే. 30 కంటే దిగితే మాత్రం మా పరికరం ఎక్కువ చూపిస్తోంది. హెమటోక్రిట్ 24 ఉన్న ఒకామెకు ఇక్కడ 610, అదే ట్యూబుకు ల్యాబ్‌లో 470. వయసు 50 లోపే, కాబట్టి వయసును బట్టి కటాఫ్ పెంచే వీల్లేదు. రాత్రిపూట డాప్లర్ (సిరల స్కాన్) ఉండదు కాబట్టి తెల్లారేదాకా హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఇవ్వాల్సి వస్తుంది. అంత రక్తహీనతలో అది భయపడాల్సిన విషయమే.

యూనిట్లు రెండుచోట్లా ఎఫ్‌ఈయూనే. డీడీయూ (డి-డైమర్ యూనిట్లు) అయితే అంకె సుమారు సగమే ఉండేది. కంట్రోళ్లు (విలువ ముందే తెలిసిన నమూనాలు) రెండు స్థాయిల్లోనూ సరిగ్గా వచ్చాయి. ట్యూబు గీతదాకా నింపాం, కొత్త లాట్ క్యాసెట్లు మార్చాం. ఫ్రిజ్ నుంచి తీశాక అరగంట పౌచ్ విప్పలేదు, మన ఉక్కలో చల్లటి పౌచ్ విప్పితే చెమ్మ పట్టేస్తుంది. అయినా తేడా అలాగే ఉంది.

పరికరం హెమటోక్రిట్ 40 అనుకుని లెక్క కడుతోందని అనుమానం. అప్పుడు ప్లాస్మా 60 శాతం. 24 ఉంటే 76. అంటే 1.27 రెట్లు, మాకు వచ్చిన తేడా 1.3.

హెమటోక్రిట్ 30 లోపు ఉన్నవాళ్లకు మీరు ప్లాస్మా వేరుచేసి వేస్తున్నారా, లేక రీడింగును లెక్కకట్టి సరిచేస్తున్నారా?