ఇద్దరూ వాక్యమే చూపిస్తున్నారు, ఎవరి బోధ సరైనదో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న | కొత్త విశ్వాసి

అందరికీ వందనాలు. ఒకే విషయం మీద ఇద్దరు బోధకులు పూర్తిగా విరుద్ధంగా చెప్తున్నారు. ఒకరు 3 యోహాను 2 చూపించి, విశ్వాసముంటే ఐశ్వర్యం వచ్చి తీరుతుందంటారు. ఇంకొకరు అది అబద్ధ బోధ అంటారు. ఇద్దరి చేతిలోనూ బైబిలే. పైగా బైబిలునే చాలాసార్లు మార్చేశారని, ఏ పుస్తకాలు ఉండాలో 325లో నీకయ సభలో ఓటేసి తేల్చారని వీడియోల్లో వింటున్నాను. అదే నిజమైతే బోధను పరీక్షించడానికి కొలబద్దే లేనట్టు కదా? గ్రీకు, హెబ్రీ రాని మామూలు విశ్వాసి ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు | లేఖన విద్యార్థి

వందనాలండి. వచనం చూపించినంత మాత్రాన బోధ సరైనదైపోదు. మత్తయి 4:6లో సాతాను కూడా 91వ కీర్తన ఎత్తి చూపించాడు. ఆ కీర్తన 11వ వచనంలో ఉన్న "నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు" అన్న ముక్క మాత్రం వదిలేశాడు. యేసు ద్వితీయోపదేశకాండము 6:16తో జవాబిచ్చాడు. అంటే ఒక వచనాన్ని మిగతా లేఖనంతో కలిపే చదవాలి.

కాబట్టి బోధకుడు ఏ వచనం చెప్పినా ముందు నాలుగు సంగతులు చూడండి: ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఎప్పుడు అన్నారు, దానికి ముందూ వెనకా ఏముంది. 3 యోహాను ఒక్క అధ్యాయమే, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. రెండో వచనం గాయు అనే స్నేహితుడికి రాసిన పలకరింపు. "సౌఖ్యముగా ఉండవలెనని ప్రార్థించుచున్నాను" అని అందులోనే ఉంది. అది కోరిక, వాగ్దానం కాదు. ఉత్తరం మొత్తంలో గాయును మెచ్చుకున్నది సత్యంలో నడుస్తున్నందుకు, ప్రయాణం చేసే సేవకులకు సాయపడినందుకు.

ఇంకా బాగా తెలియాలంటే యిర్మీయా 28, 29 అధ్యాయాలు విడగొట్టకుండా ఒకేసారి చదవండి. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న 29:11 అందరికీ నోటికి వచ్చు. దానికి ముందు అధ్యాయంలో జరిగింది చూడండి. హనన్యా అనే ప్రవక్త కూడా యెహోవా పేరు మీదే మాట్లాడాడు. రెండేళ్లలో మందిరపు పాత్రలు, చెరపట్టబడిన రాజు తిరిగి వస్తారన్నాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి, జనం చూస్తుండగా విరిచేశాడు. యిర్మీయా ముందు "ఆమేన్" అన్నాడు, కాడి విరిచాక మాటకు మాట అనకుండా తన దారిన వెళ్లిపోయాడు. ఆ తర్వాత దేవుని మాట వచ్చింది. ఐదో నెలలో ప్రవచించిన హనన్యా ఏడో నెలలో చనిపోయాడు. 29వ అధ్యాయంలోని ఉత్తరం చెరలో ఉన్నవాళ్లకు రాసింది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, 70 ఏళ్లు పడుతుంది. ఆ 70 ఏళ్ల మాట పదో వచనం. పదకొండో వచనం దాని వెంటనే వస్తుంది. అది విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూసి ఉంటారు. త్వరలోనే అంతా బాగైపోతుందని చెప్పడానికి 29:11 వాడితే, యిర్మీయా మాటను హనన్యా అర్థంలో వాడినట్టే. ఇది చిన్న పొరపాటు కాదు.

జవాబు | రాతప్రతుల మీద ఆసక్తి

రెండో సందేహానికి నేను చెప్తాను. సంఘ నాయకులు నీకయ సభలో కూడింది ప్రధానంగా అరియస్ అనే బోధకుడి బోధ గురించి, అంటే కుమారుడు తండ్రితో సమానుడా కాదా అన్నదాని గురించి. సభ చేసిన 20 నియమాల్లో పుస్తకాల జాబితా లేనే లేదు. సుమారు 180లోనే ఇరేనియస్ అనే సంఘ నాయకుడు నాలుగు సువార్తలే అని వాదించాడు. కొత్త నిబంధన 27 పుస్తకాలూ సరిగ్గా ఉన్న జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన ఉత్తరంలో కనిపిస్తుంది. హెబ్రీయులకు, 2 పేతురు, యూదా, ప్రకటన వంటి వాటి మీద చాలాకాలం చర్చ నడిచిన మాట నిజమే, దాన్ని దాచాల్సిన పని లేదు.

మార్చేశారన్న ఆరోపణకు యెషయా గ్రంథపు పాత తోలు చుట్ట మంచి పరీక్ష. 1947లో మృత సముద్రం ఒడ్డున కుమ్రాను దగ్గరి గుహలో దొరికింది. పొడవు ఏడు మీటర్లకు పైనే, 66 అధ్యాయాలూ ఉన్నాయి. అంతకుముందు మన దగ్గరున్న హెబ్రీ ప్రతులకంటే సుమారు వెయ్యేళ్లు పాతది. పక్కపక్కన పెట్టి చూస్తే అక్షరక్రమంలో, మాటల్లో తేడాలు బోలెడు. 53:11లో "వెలుగు" అన్న మాట చుట్టలో ఉంది, తర్వాతి హెబ్రీ ప్రతుల్లో లేదు. అయినా బాధపడే సేవకుడు, ఆయన మన దోషాలు మోయడం రెండింటిలోనూ ఉన్నాయి.

కొత్త నిబంధనకు 5,000కు పైగా గ్రీకు రాతప్రతులున్నాయి. చేత్తో రాసేటప్పుడు ఒక పంక్తి దాటిపోవడం, మాటల వరుస మారడం మామూలే. పెద్ద తేడాలు రెండు: మార్కు 16:9-20, యోహాను 7:53-8:11. నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ అనే రెండు పాత గ్రీకు ప్రతుల్లో ఈ రెండూ లేవు. ప్రతులు దూరదూర ప్రాంతాలకు పాకిపోయాయి కాబట్టే ఈ తేడాలు బయటపడ్డాయి. వాటన్నిటినీ పోగుచేసి ఒకేలా దిద్దే వీలు ఎవరికీ లేదు. మీరు చేయాల్సింది ఒకటే: అడుగున చిన్న అక్షరాల్లో ఉండే గమనికలు వదలకుండా చదవండి, ఇలాంటి భాగం ఒక్కదాని మీదే సిద్ధాంతం కట్టకండి. మార్కు 16:18 ఒక్కటే పట్టుకుని పాముల్ని చేతబట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

జవాబు | సంఘ పెద్ద

పైన చెప్పినవి బాగున్నాయి. ఒకటి కలుపుతాను. ప్రవచనం నెరవేరకపోతే అది యెహోవా చెప్పింది కాదని ద్వితీయోపదేశకాండము 18:22. ఇది చాలామందికి తెలుసు. కానీ 13:1-3 మర్చిపోతాం: చెప్పిన సూచన నిజంగా జరిగినా, అతను వేరే దేవుళ్ల వైపు తిప్పితే వినకూడదు. అద్భుతం జరిగిందా అన్నదానికంటే, అది మనల్ని ఎటు తీసుకెళ్తోంది అన్నదే అసలు ప్రశ్న.

"వారి ఫలముల వలన మీరు వారిని తెలిసికొందురు" అన్నమాటను కూడా తలకిందులు చేస్తున్నారు. జనం ఎక్కువ, స్వస్థతలు ఎక్కువ, అదే ఫలం అంటారు. మత్తయి 7:22-23 చదవండి. ప్రవచించాం, దయ్యాలను వెళ్లగొట్టాం, అద్భుతాలు చేశాం అన్నవాళ్లకే "మిమ్మును ఎన్నడును ఎరుగను" అన్న జవాబు వచ్చింది. కాబట్టి ఫలం అంటే అవి కావు. నడత చూడండి, డబ్బు లెక్క చూడండి, తనకంటే బలహీనులతో ఎలా ఉంటాడో చూడండి.

ఇంకో జాగ్రత్త. ప్రతి తేడా అబద్ధ బోధ కాదు. తినే విషయాల్లో, దినాల విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చవద్దని రోమా 14 చెప్తుంది. క్రీస్తు శరీరధారియై వచ్చాడా (1 యోహాను 4:2), లేచాడా (1 కొరింథీ 15), రక్షణ కృపవల్లనా, వీటి దగ్గర మాత్రం సర్దుబాటు లేదు.

ప్రశ్న | కొత్త విశ్వాసి

చాలా కృతజ్ఞతలు. "దేవుడు నాకు నేరుగా బయలుపరిచాడు, అభిషిక్తుణ్ణి ప్రశ్నించకూడదు" అని బోధకుడు అంటే ఏం చేయాలి?

జవాబు | లేఖన విద్యార్థి

ప్రవక్తలు మాట్లాడితే తక్కినవాళ్లు వివేచించాలని 1 కొరింథీ 14:29లోనే ఉందండి. బెరయ పట్టణంలో వాళ్లు పౌలు మాటనే ప్రతిదినం లేఖనాలతో సరిచూశారు, లూకా వాళ్లను ఘనులన్నాడు (అపొ. కార్యములు 17:11). గట్టిగా వాదించక్కర్లేదు. "ఇది ఏ లేఖనంలో ఉందండి, ఆ అధ్యాయం కలిసి చదువుదామా?" అని అడగండి. కూర్చుని చదివితే మంచిది. అడిగినందుకే కోప్పడితే, ఆ బోధను అక్కడితో పక్కన పెట్టి, ఆ అధ్యాయం మీరే చదవండి.