అప్పుల క్లాసులో ముందు ఏ అప్పు తీర్చమని చెప్పాలి?

పద్దుపుస్తకం:
గ్రామ సంఘం హాల్లో పెద్దవాళ్లకు 8 ఆదివారాల క్లాసు పెడుతున్నాం. 20 మంది, వారానికి రెండు గంటలు. మొదటి వారం అప్పుల చిట్టా: ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, నెలకు ఎంత కడుతున్నారు, దేని మీద సంతకం పెట్టారు లేదా ఏం కుదువ పెట్టారు. రెండో వారం వడ్డీలన్నీ 'నూటికి నెలకు ఎన్ని రూపాయలు' లెక్కలోకి మారుస్తాం. శాతాలతో మొదలుపెడితే బ్యాంకు 12 పెద్దదిగా, ఊళ్లో 3 రూపాయల వడ్డీ చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి ఆ 3 అంటే ఏడాదికి 36.

మూడో వారం దగ్గరే మాలో పేచీ. ఉదాహరణ కుటుంబం ఆదాయం నెలకు 18,000. ప్రామిసరీ నోటు మీద 40,000, 3 రూపాయల వడ్డీ. బంగారం మీద 60,000, రూపాయి వడ్డీ. మైక్రోఫైనాన్సు 30,000, 24 శాతం, 24 నెలలు, వాయిదా 1,586. కిరాణా ఖాతా 8,000. వడ్డీలు, వాయిదా, ఇంటిఖర్చు పోగా 2,000 మిగిలితే ముందు దేనికి? నోటుకే అంటాను. నెలకు 1,200 వడ్డీకే పోతోంది.

గోదారిగట్టు:
కిరాణాకి. నాలుగు నెలల్లో చిట్టాలో ఒక వరస కొట్టేస్తారు. నోటు తీరాలంటే ఆ 1,200కి 2,000 కలిపి నెలకు 3,200 కట్టినా 16 నెలలు. అన్నాళ్లు ఒక్క గీతా కొట్టకుండా ఎవరు ఓపిక పడతారండీ? మూడో నెలకే మానేస్తారు.

పద్దుపుస్తకం:
కిరాణా ముందు తీరిస్తే నోటుకు నాలుగు నెలల వడ్డీ అదనం. 4,800. ఆ డబ్బు ఓపిక ఖరీదు అనుకోమంటారా? కిరాణాకు వడ్డీ లేదు కదా.

గోదారిగట్టు:
వడ్డీ లేదని ఎవరన్నారు? ఖాతా మీద కొనేవాళ్లు ధర అడగలేరు, వేరే కొట్టుకు పోలేరు. నూనె ప్యాకెట్టు మీద ఐదు రూపాయలు ఎక్కువ వేసినా తీసుకోవాల్సిందే. అది వడ్డీయే. మీ చిట్టాలో దానికి గడి లేదు.

పద్దుపుస్తకం:
అయితే నెల సరుకుల మీద ఆ తేడా ఎంతో లెక్కేసి చూపండి. 1,200 దాటితే ఒప్పుకుంటాను.

చిన్నకొట్టు:
డైలీ ఫైనాన్సు కూడా ఉదాహరణలో పెట్టండి. 10,000 రాసుకుని చేతికి 9,000 ఇస్తారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు వసూలు. అందరూ పది శాతమే అనుకుంటారు. అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి ఏడాది లెక్కన 77 శాతం పైమాటే.

నోటుసంతకం:
నోటు తీర్చడం ఎలాగో ఏ వారంలో ఉంది? కొంత కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించాలి. అది రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి అప్పిచ్చినవాళ్లు దావా వేయడానికి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుందని కూడా చెప్పాలి. పూర్తిగా కట్టాక రసీదుతో సరిపెట్టుకోవద్దు. నోటు, దాంతో ఇచ్చిన ఖాళీ చెక్కు రెండూ చేతికి రావాలి.

సంఘంలీడరు:
నోటూ కాదు, కిరాణా కాదు. మిగిలింది దేనికిచ్చినా సరే, పొదుపు గ్రూపు వాయిదా మాత్రం ఒక్క రోజు తప్పకూడదని మొదటి క్లాసులోనే చెప్పండి. ఒకరు తప్పితే మిగతా తొమ్మిది మంది తలా ఇంత వేసి కట్టాలి. గ్రూపుకు వచ్చే బ్యాంకు లింకేజీ లోను ఆగుతుంది, స్త్రీనిధి లోను ఆగుతుంది.

మెతుకుసీమ:
ముగ్గురూ 2,000 మిగులుతయ్ అన్న కాడికెళ్లే మాట్లాడుతున్నరు. ఈ క్లాసుకొచ్చేటోళ్లకు మిగిలేదేం ఉండదు. నాలుగు మైక్రోఫైనాన్సు లోన్లు, పైన డైలీ. వాయిదాలన్నీ కలిపి ఇంటి ఆదాయంల సగం దాటొద్దని 2022 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. 18,000 వచ్చే ఇంటికి 9,000. కానీ నోటు, డైలీ ఏ రికార్డులల్ల కనపడవు, అందుకే దాటిపోతది. గసొంటి ఇంటికి ముందు బియ్యం, మందులు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు తీసి పక్కకు పెట్టి, మిగిలిందే పంచమని నేర్పాలె. వాయిదా తప్పుతదని తెలిస్తే తారీఖుకు ముందే పోయి గడువు పెంచమని అడగాలె.

సంఘంలీడరు:
అంటే ఎగ్గొట్టమని క్లాసు పెట్టి నేర్పిస్తారా?

మెతుకుసీమ:
ఎగ్గొట్టమన్లే. ఒక వాయిదా కోసం ఇంకో లోను తీయొద్దంటున్న. నిబంధనలు కూడా చెప్పాలె: పొద్దున 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత మైక్రోఫైనాన్సు వసూలుకు రావొద్దు. ఇద్దరూ ఒప్పుకున్న చోటనే కట్టించుకోవాలె, వరసగా రెండుసార్లు రాకుంటేనే ఇంటికి రావొచ్చు. ఆలస్య రుసుము కట్టని వాయిదా మీదనే, మొత్తం లోను మీద కాదు. ముందుగాల తీరిస్తే జరిమానా లేదు. ఫిర్యాదు ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఇయ్యాలె, 30 రోజుల్ల తేలకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు. దారి తెలవకుంటే రిజర్వు బ్యాంకు నంబరు 14448కి ఫోన్ చేసి అడగొచ్చు. ఇయి చెప్పకుంట వాయిదా తప్పొద్దు, తప్పొద్దు అంటే అది వసూలు క్లాసు అక్కా, అప్పుల క్లాసు కాదు.

సంఘంలీడరు:
వసూలు క్లాసా? తప్పిన వాయిదాకు పుస్తెలు కుదువ పెట్టి కట్టేది లోను ఇచ్చిన కంపెనీ కాదు తమ్ముడూ, పక్కింటి సభ్యురాలు. ఆమెను ఎవరు చూస్తారు?

గోదారిగట్టు:
మాస్టారూ, ఒకటి అడుగుతాను. మొదటి వారం రాసే చిట్టా ఎవరి దగ్గర ఉంటుంది?

పద్దుపుస్తకం:
గ్రూపు ఫైల్లో. లీడరు దగ్గర.

మెతుకుసీమ:
అసలు సంగతి గిక్కడున్నది. లీడరు చూస్తదంటే ఇంట్ల తెలవకుంట తీసుకున్న నోటు ఎవరూ రాయరు. మొగుడు పక్కన కూసుంటే కుదువ పెట్టిన గొలుసూ రాయరు. చిట్టా తప్పయితే మూడో వారం లెక్క మొత్తం తప్పే, నోటు ముందా కిరాణా ముందా అని ఎంత కొట్లాడినా. కాగితం మీద పేరొద్దు, అంకె వేయుర్రి. ఎవరిది వాళ్లే ఇంటికి తీస్కపోవాలె. భార్యాభర్తలు వేరే వేరే కాగితాలు రాయాలె. మొదటి రెండు వారాలు లీడర్లు లోపల ఉండొద్దు.

సంఘంలీడరు:
దాచిపెట్టడం ఎందుకో అర్థమైంది, కాదనను. కానీ కొత్త లోనుకు పూచీ పడేముందు అది అడిగిన సభ్యురాలికి ఇంకా ఎన్ని అప్పులున్నాయో తెలుసుకునే హక్కు మిగతా తొమ్మిది మందికి లేదా?

పద్దుపుస్తకం:
క్రెడిట్ రిపోర్టు, అంటే బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల దగ్గర ఉన్న అప్పుల రికార్డు, అడగొచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకటి ఉచితంగా ఇస్తాయి. ఆమే తెచ్చి ఆమే చూపిస్తుంది. చిట్టా ఆమె దగ్గరే ఉంటుంది. ఇలా మార్చడానికి నేను సిద్ధం.

సంఘంలీడరు:
ఆ రిపోర్టులో మైక్రోఫైనాన్సు కనిపిస్తుంది. మనిషిని ముంచేది ఊళ్లో రాసిన నోటు, అది అందులో ఉండదు. హాలు సంఘానిది. లీడర్లు లేకుండా క్లాసు అంటే తీర్మానం కావాలి. వచ్చే మీటింగులో పెడతాను. నా ఓటు మాత్రం వద్దనే.